అబ్రాహాము తాతగారి నోటు

తాడేపల్లిగూడెం,
11 జూన్ 2007.

ఇమ్మానుయేలూ,

మార్చిలో నీ కార్డు అందింది. దేవకుమారి గారు పోయారన్న ఒక్క వాక్యం, కింద నీ సంతకం. అంతే రాశావు. ఆ పూట కొట్టు కట్టేయించాను. రావలసిందే. కానీ మోకాలికి ఆపరేషను చేయించుకుని అప్పటికి పదో రోజు. మా ఆవిడ శ్యామలాదేవి గుమ్మం దాటనివ్వలేదు. "మీరు వెళ్ళి ఆయన్ని ఓదారుస్తారా, ఆయన చేత మోయించుకుంటారా?" అంది. మంచం మీదే ఉండిపోయాను. ఆ బాధ ఇంకా ఉంది.

మూడు నెలలు ఆగి రాయడానికి కారణం, ఒకటి అడగవలసి ఉంది. వెంటనే అడిగితే మనిషిని కాననిపించింది.

డిసెంబరు ఎనిమిది, తొమ్మిది తేదీల్లో ఏలూరులో పాత నాణేలూ నోట్లూ పోగుచేసేవాళ్ళం అందరం కలిసి ఒక కల్యాణ మండపంలో ప్రదర్శన పెడుతున్నాం. నాకూ ఒక బల్ల ఇచ్చారు. గోవా పోర్చుగీసువాళ్ళ చేతిలో ఉండగా 1959లో వేసిన ఎస్కుడో నోట్లు పెడతానన్నాను. అవి ఆరు రకాలు. ముప్ఫై, అరవై, వంద, మూడు వందలు, ఆరు వందలు, వెయ్యి. అయిదు నా బీరువాలో ఉన్నాయి. అరవైది మీ ఇంట్లో ఉంది. ఆరింటినీ ఒక్కచోట పెట్టి నేనే ఇంతవరకు చూడలేదు.

నోట్ల పక్కన వాటి కథ రాసి అంటించాలట. రాసి చూసుకున్నాను. తప్పులుంటే దిద్దు.

"1962 వేసవిలో, సైన్యంలో వంటవాడిగా గోవా వెళ్ళి సెలవు మీద వచ్చిన ఒక కుర్రాడు మా బట్టల కొట్లో పెళ్ళికి తెల్లచీర తీసుకుని ఈ నోటు ఇచ్చాడు. మడగావులో రొట్టెల కొట్టువాడు చిల్లర కింద అతనికి ఇచ్చినది. మా నాన్నగారు నోటు మీది బొమ్మని వెలుగులో పట్టి చూసి, 'ఏమయ్యా, ఈ గడ్డం ఆయన మీ మేనమామా?' అన్నారు. కొట్లో అందరూ నవ్వారు. ఆ కుర్రాడు చీర బల్ల మీద పెట్టి తలవంచుకుని వెళ్ళిపోయాడు. నాన్నగారు భోజనానికి లేచాక నేను స్టేషను దాకా పరుగెత్తి, చీర అతని చేతిలో పెట్టి నోటు తీసుకున్నాను. నా సేకరణ ఆ రోజున మొదలైంది."

తరవాతది రాయలేదు. పెళ్ళయిన నెలకి నువ్వూ దేవకుమారి గారూ వచ్చారు. "ఈ చీర కొన్న నోటు ఒక్కసారి చూపిస్తారాండి?" అని అడిగారు. చూసి, "అచ్చం మన అబ్రాహాము తాతగారిలా ఉన్నారు" అన్నారు నీతో. "బైబిలులో గుర్తుగా పెట్టుకుంటానండి. పుస్తకం అయిపోగానే ఇచ్చేస్తాను" అన్నారు. ఇచ్చాను. ప్రతి క్రిస్మసుకీ బట్టలకి వచ్చినప్పుడు నేను అడగడం, "పుస్తకం అయిందా అమ్మా?" ఆవిడ నవ్వడం, "అయిందండి. మళ్ళీ మొదలుపెట్టానండి." నలభై అయిదేళ్ళు. పైగా చదవడం అయిన ప్రతిసారీ నోటు అంచున పెన్సిలుతో ఒక గీత. మొదటి గీత చూసి నాకు గుండె ఆగినంత పనైంది. తొమ్మిదో గీత నాటికి లెక్క నేనే అడిగేవాణ్ణి.

ఇప్పుడు అడిగితే ఏమీ అనుకోకు. తీరిక చూసుకుని పంపు. ఫోనులో నీకు మాట రాదని తెలుసు కనుక ఉత్తరమే రాశాను.

సుబ్బరామయ్య


మండవల్లి,
22 జూన్ 2007.

సుబ్బరామయ్య గారికి వందనాలండి.

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

మీ మోకాలు ఎలా ఉంది. మెట్లు ఎక్కకండి.

మీరు రాసినదాంట్లో తప్పులు లేవు. ఒకటే. తలవంచుకుని వెళ్ళలేదండి. వాన వచ్చేలా ఉందని త్వరగా నడిచాను. పోనీ, అలాగే ఉండనివ్వండి.

నోటు ఆమె బైబిలులోనే ఉంది. పంపడానికి కొంచెం వ్యవధి కావాలండి.

ఇక్కడ మా అమ్మాయి పెర్సిస్ నన్ను చూసుకుంటోంది. వట్లూరులో బడిపని. సోమవారం వెళ్ళి శుక్రవారం వస్తుంది. నాకు ఇబ్బంది లేదు.

ఇమ్మానుయేలు


తాడేపల్లిగూడెం,
6 జూలై 2007.

ఇమ్మానుయేలూ,

"నోటు ఆమె బైబిలులోనే ఉంది" అన్న మాట చదివి శ్యామలాదేవికి కూడా చదివి వినిపించాను. ప్రాణం కుదుటపడింది. ఇన్నాళ్ళూ లోపల ఒక మూల భయం ఉండేది. మనిషి పోయిన ఇంట్లో సర్దుళ్ళలో కాగితాలు ఎటు పోతాయో ఎవరికి తెలుసు?

దీంతోపాటు ఒక ప్లాస్టిక్ కవరు పెట్టాను. నోటు తీసేటప్పుడు చేతులు పొడిగా ఉండాలి. మధ్యలో పట్టుకోకు, అంచులు పట్టుకో. గీతలు చెరపకు. ఎవరైనా లామినేషను చేయిస్తే మంచిదని చెబుతారు, వినకు. భీమవరంలో ఒకాయన వాళ్ళ తాతగారి నోటుని అలాగే చేయించి ఇప్పుడు తల పట్టుకున్నాడు.

వడ్రంగి సుబ్బారావు చేత టేకు చట్రం చేయిస్తున్నాను. ఆరు గడులు. కొలతలకి ఇబ్బంది లేదు, మిగతావాటిని బట్టి చేస్తున్నాడు. ఆహ్వానం కార్డులో నీ పేరు కూడా వేయించాను. "శ్రీ ఇమ్మానుయేలు, శ్రీమతి దేవకుమారి గార్ల సహకారంతో" అని. ఆవిడ పేరు ముందు దివంగత అని వేయాలని ప్రెస్సువాడు అన్నాడు. వద్దన్నాను. ఎందుకో ఆ మాట నచ్చలేదు.

పోస్టులో పంపడం భయమైతే చెప్పు. కైకలూరు మీదుగా బస్సులో నేనే వస్తాను. కాలు బాగుపడింది. ఆవిడ సమాధి కూడా చూసినట్టవుతుంది.

సుబ్బరామయ్య


మండవల్లి,
15 జూలై 2007.
(పోస్టు చేయలేదు)

సుబ్బరామయ్య గారికి,

ఇది మూడోసారి రాయడం. రెండు చింపేశాను.

నోటు మట్టిలో ఉందండి. ఆమెతో ఉంది.

మాలో పోయినవారి చేతుల్లో వారి బైబిలు ఉంచి పెట్టె మూయడం ఉంది. అందరికీ పెట్టరు. రోజూ చదివేవారికి పెడతారు. దేవకుమారికి పెట్టకపోతే ఇంకెవరికి పెడతారు. పెర్సిస్ దిండు కింద నుంచి తీసి వాళ్ళమ్మ గుండె మీద ఉంచింది. చేతులు దాని మీద వేసింది. నేను పక్కనే ఉన్నాను. నోటు కొస పేజీల పైకి కనబడుతోంది. చిటికెన వేలు గోరంత.

"పెర్సిసూ, ఆగమ్మా" అనాలి. రెండే మాటలు. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. పాస్టరు గారు చేయి ఎత్తారు. ఊరంతా ఉంది. పెళ్ళాం పెట్టెలో నోటు కోసం చేయి పెట్టాడు అనుకుంటారు కదా. నాకు నోరు రాలేదు. మూత వేశారు. మేకులు కొట్టారు.

అది మీ నోటు. చీర ఇచ్చి తీసుకున్నారు. మేము చదువుకోవడానికి అడిగి తెచ్చుకున్నాము.

చెబితే ఏమవుతుందో ఆలోచించాను. మీరు మంచివారు. కానీ మీ తమ్ముడి కొడుకు బుచ్చిబాబు గారు ఊరుకోరు. సంఘ పెద్దలను అడుగుతారు. తీద్దాం అంటారు. పెర్సిస్‌కి తెలుస్తుంది. తన చేత్తో పెట్టింది. ఆ పిల్ల ఇప్పుడిప్పుడే అన్నం తింటోంది.

చెప్పకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించాను. మీరు బస్సు దిగుతారు.

ఈ ఉత్తరం కూడా పంపనేమో.


మండవల్లి,
12 ఆగస్టు 2007.

సుబ్బరామయ్య గారికి వందనాలండి.

కవరు అందింది. దాచాను.

మీరు ఇప్పుడు రావద్దు. వానలు. మా వైపు రోడ్డు మీదికి నీళ్ళు వస్తున్నాయి. కొల్లేరు నిండుతోంది. సమాధి తోట పడమటి కంచె దాకా నీళ్ళు వచ్చి తీశాయి. మళ్ళీ వస్తాయి అంటున్నారు. నేను రోజూ వెళ్ళి చూసి వస్తున్నాను. ఒక కర్ర పాతాను, నీళ్ళు ఎంత పెరిగాయో తెలియడానికి.

ఒకటి అడుగుతాను. పుస్తకం మధ్యలో ఉన్న నోటుకి తడి తగిలితే ఎన్నాళ్ళు ఉంటుందండి. మీకు తెలుస్తుంది అని అడిగాను.

ఇమ్మానుయేలు


తాడేపల్లిగూడెం,
20 ఆగస్టు 2007.

ఇమ్మానుయేలూ,

ఏం తడి? ఎక్కడి తడి? ఇంట్లోకి నీళ్ళు వచ్చాయా? వస్తే వచ్చాయని రాయకుండా ఎన్నాళ్ళు ఉంటుందని అడుగుతావేమిటి?

తడిస్తే వెంటనే తీసి రెండు తెల్ల కాగితాల మధ్య నీడలో ఆరబెట్టు. ఎండలో పెట్టకు. ఇస్త్రీ చేయకు. పేజీలకి అంటుకుని ఉంటే లాగకు, పుస్తకం పుస్తకంలాగే ఉంచి నాకు పంపు. ఒక్క వారం తడిగా ఉన్నా బూజు పడుతుంది. పురుగు పడితే నోరు లేని కాగితం, చెప్పదు.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. ఏలూరు వాళ్ళకి ఆరు నోట్లని రాసిచ్చాను. కార్డులు అచ్చయ్యాయి. అదంతా పోనీ. ఆ నోటు వెంట నేను స్టేషను దాకా పరుగెత్తాను ఇమ్మానుయేలూ. కొట్టు, ఇల్లు, చెరువు కింద పొలం అన్నీ నాకు మా నాన్న ఇచ్చినవి. నా అంతట నేను సంపాదించింది అదొక్కటే.

వచ్చే బుధవారం బుచ్చిబాబు మోటారు సైకిలు మీద కైకలూరు వస్తున్నాడు. మీ ఇంటికి పంపుతాను. వాడి చేతికి ఇచ్చెయ్యి. తడిసినా సరే, చిరిగినా సరే.

సుబ్బరామయ్య


తాడేపల్లిగూడెం,
17 సెప్టెంబరు 2007.

ఇమ్మానుయేలు గారికి,

బుచ్చిబాబు మీ ఇంటికి వచ్చి వెళ్ళిన సంగతి చెప్పాడు. ఇంట్లో నీళ్ళు లేవు, నేల పొడిగా ఉంది, గోడలకి కొత్త సున్నం ఉంది అని చెప్పాడు. మీరు మజ్జిగ ఇచ్చారట. నోటు అడిగితే "ఇప్పుడు కాదండి" అన్నారట. "పోనీ, చూపించండి తాతగారూ, చూసి వెళతాను" అంటే పెరట్లోకి వెళ్ళి అరగంట రాలేదట. వాడు మీ అరుగు మీద కూర్చుని కోళ్ళని చూసి తిరిగి వచ్చాడు.

మొన్న వాడు బట్టల బేరానికి విజయవాడ వెళ్ళాడు. అక్కడ పాత నోట్లు అమ్మే ఒకాయన దగ్గర అరవై ఎస్కుడోల నోటు ఒకటి ఉంది. ఎక్కడిదని అడిగితే, కొల్లేరు వైపు నుంచి ఎవరో ముసలాయన ఇచ్చి వెళ్ళాడని చెప్పాడు. నేను నిన్న వెళ్ళి చూశాను. అంచున గీతలు లేవు. గీతలు ఉండవలసిన చోట కాగితం కొంచెం మసకగా ఉంది. "పెన్సిలు గీత రబ్బరుతో పోదా పెదనాన్నా?" అన్నాడు బుచ్చిబాబు. నోటు తిరిగి ఆయన చేతిలో పెట్టి బస్సెక్కాను.

మీకు అవసరం వచ్చి ఉంటే నాకు రాయవలసింది. నేను కాదనేవాణ్ణి కాదు.

మీరే చెప్పండి.

వి. సుబ్బరామయ్య


మండవల్లి,
24 సెప్టెంబరు 2007.

సుబ్బరామయ్య గారికి,

మీరు నన్ను గారు అన్నారు. నలభై అయిదేళ్ళలో అనలేదు. కవరు మీద చూసి వేరే ఇమ్మానుయేలుదేమో అనుకున్నాను. పోస్టుమేను నాగరత్నం గారి అబ్బాయి "మీదే తాతగారూ" అన్నాడు.

నేను అమ్మలేదండి.

దీంతో జూలైలో రాసిన ఉత్తరం పెడుతున్నాను. అప్పుడు పోస్టు డబ్బా దాకా రెండుసార్లు తీసుకెళ్ళి తెచ్చుకున్నాను. ముందు అది చదవండి. చదివాక ఇది.

చదివారా.

అందులో నోరు రాలేదు అని రాశాను. అది నిజమే. కానీ సగం. మిగతాది ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

పెట్టె మూయడానికి ముందు నన్ను చివరిగా చూసుకోమన్నారు. అందరూ కొంచెం ఎడంగా జరిగారు. పాట ఆగింది. అప్పుడు నేను తీయవచ్చు. ఎవరూ చూడరు. వేలితో లాగితే వచ్చేస్తుంది. చేయి పెట్టాను కూడా. నోటు కొస వేలికి తగిలింది. తీస్తే ఆమె ఎక్కడిదాకా చదివిందో ఆ చోటు పోతుంది కదా అనిపించింది. పుస్తకం మూసుకుపోతుంది. మళ్ళీ వెతుక్కోవాలి. ఆమెకి కళ్ళజోడు కూడా పెట్టలేదు.

చేయి తీసేశాను.

మీది అని తెలుసు. తెలిసే వదిలేశాను. దొంగతనం అంటే ఇదేనేమో. విజయవాడలో అమ్మిన వాడి కంటే నేను ఎక్కువ తప్పు చేశాను. అతను తనది అమ్ముకున్నాడు.

బుచ్చిబాబు గారు వచ్చిన రోజు పెరట్లో అరగంట ఏం చేశాను అంటే ఏమీ చేయలేదు. నూతి గట్టు మీద కూర్చున్నాను. వెళ్ళి ఏం చెప్పాలో కుదరలేదు. ఆ అబ్బాయికి ఆకలి వేసి ఉంటుంది. అన్నం పెట్టవలసింది.

నీళ్ళు నా కర్ర దాకా వచ్చి ఆగాయి. సమాధికి ఇంకా ఆరు అడుగులు ఉంది. లోపల ఎలా ఉందో తెలియదు.

ఇప్పుడు మీరు ఎలా అంటే అలా. తవ్వాలి అంటే చెప్పండి. నీళ్ళు తగ్గాక చేయాలి. సంఘ పెద్దలను నేనే అడుగుతాను. పెర్సిస్‌కి నేనే చెబుతాను. పార వేరేవాళ్ళకి ఇవ్వను, నేనే పట్టుకుంటాను. మీ మాట కోసం చూస్తాను.

మీ ప్లాస్టిక్ కవరు వాడలేదు. తిప్పి పంపుతున్నాను.

ఇమ్మానుయేలు


మండవల్లి,
19 నవంబరు 2007.

సుబ్బరామయ్య గారికి వందనాలండి.

అచ్చు కార్డు అందింది. ఏలూరు ప్రదర్శనది. నా పేరు, ఆమె పేరు ఉన్నాయి. తీయలేదు.

కార్డు మీద చేతిరాత లేదు. వెనక్కి తిప్పి చూశాను. కవరు లోపల కూడా చూశాను. చిరునామా రాసింది మీరు కాదు.

రెండు నెలలు అయింది. పోస్టుమేను వచ్చే వేళకి అరుగు మీద కూర్చోవడం అలవాటైంది. రావద్దని ఉంటే రావద్దని రాయండి. తవ్వమంటే తవ్వమని రాయండి. తిట్టినా సరే. ఏదో ఒకటి రాయండి.

నీళ్ళు తగ్గాయి. నేల గట్టిపడింది. మీ మాట వస్తే పని మొదలుపెట్టవచ్చు అని చెప్పడానికి రాశాను. పార కొత్త కర్ర వేయించాను.

పెర్సిస్ "ఎందుకు నాన్నా?" అంది. కొబ్బరి మొక్క పెడదామని అన్నాను. అబద్ధం ఆడాను.

ఇమ్మానుయేలు


తాడేపల్లిగూడెం,
10 డిసెంబరు 2007.

ఇమ్మానుయేలూ,

పార లోపల పెట్టు.

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే సిగ్గు. నీ సెప్టెంబరు ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. సాయంత్రానికి శ్యామలాదేవి చొక్కా ఉతకడానికి తీసి తనూ చదివింది. వచ్చి నా ముందు నిలబడి, "ఆయన్ని గారు అని రాశారా మీరు?" అంది. అంతే. నోటు సంగతి ఒక్క మాట కూడా ఎత్తలేదు. నాలుగు రోజులు నాకు అన్నం వడ్డించి పక్క గదిలోకి వెళ్ళిపోయేది.

రాయడానికి ఎన్నిసార్లు కూర్చున్నానో. నువ్వు రాసిన మొదటి కార్డు నుంచి అన్నీ తీసి చదివాను. "నోటు ఆమె బైబిలులోనే ఉంది." నువ్వు ఒక్క అబద్ధమూ రాయలేదు. నాకు చదవడం రాలేదు. నీకు క్షమాపణ రాయాలంటే ఏ మాట పెట్టినా అచ్చు కార్డులాగే ఉంది. అందుకని ముందు పని చేసి తరవాత రాద్దామనుకున్నాను. నీ నవంబరు ఉత్తరం వచ్చినప్పుడైనా రాసి ఉండవలసింది. నువ్వు అరుగు మీద కూర్చుని ఉంటావని తెలిసి కూడా రాయలేదు.

ప్రదర్శన అయింది. సంగతులు చెబుతాను.

శుక్రవారం బుచ్చిబాబు వచ్చి, "పెదనాన్నా, విజయవాడ నోటు ఇంకా అక్కడే ఉంది. తెచ్చి ఖాళీ గడిలో పెట్టేద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. వాడు మంచికే అన్నాడు. వాడికి నీ మీద కోపం కూడా పోయింది, నీ ఉత్తరం వాడికీ చదివి వినిపించాను. విని ఫోను నొక్కుకుంటూ, "ఆయన మజ్జిగలో అల్లం వేశారు పెదనాన్నా, బాగుంది" అన్నాడు. నేను వద్దన్నాను. ఆ నోటుని మళ్ళీ వెళ్ళి చూడలేదు. మసక ఎందుకుందో నాకు అక్కర్లేదు.

సుబ్బారావు చేసిన చట్రం ఆరు గడులదే. అయిదింటిలో అయిదు పెట్టాను. రెండో గడి ఖాళీగా ఉంచాను. అద్దం తుడిచి, అడుగున తెల్ల గుడ్డ పరిచి, కింద చీటీ అంటించాను. శిల్ప చేత రాయించాను, బుచ్చిబాబు కూతురు, దాని చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. చీటీ మీద ఉన్నది ఇది:

"అరవై ఎస్కుడోలు. ఈ నోటు శ్రీమతి దేవకుమారి గారి బైబిలులో గుర్తుగా ఉంది. ఆవిడ చదవడం ఇంకా పూర్తి కాలేదు."

ఇమ్మానుయేలూ, రెండు రోజులూ జనం ఆ ఖాళీ గడి ముందే ఆగారు. వెయ్యి ఎస్కుడోల నోటుని ఎవరూ చూడలేదు. ఒక లెక్చరరు గారు చదివి, "ఎప్పటికి పూర్తవుతుందండి?" అని అడిగాడు. "పెద్ద పుస్తకం అండి, నలభై నాలుగుసార్లు చదివారు, ఇది నలభై అయిదోసారి" అన్నాను. "అంతవరకు మీరు ఆగుతారా?" అన్నాడు. "నలభై అయిదేళ్ళు ఆగానండి, నాకు అలవాటే" అన్నాను. పక్క బల్ల ఆయన నైజాం నాణేలు పెట్టాడు. సాయంత్రానికి వచ్చి, "మీ లేని నోటు నా ఉన్నవాటిని చంపేస్తోందండీ" అని నవ్వాడు.

ఆవిడ ఉండగా ఆ నోటు ఇచ్చేస్తే నేను ఏం చేసేవాణ్ణి? బీరువాలో పెట్టేవాణ్ణి. నేను ఏడాదికి ఒకసారి తీసి చూసేవాణ్ణి. ఆవిడ రోజూ తీశారు. ఇది ఇన్నాళ్ళకి తట్టింది నాకు.

రెండు రోజులూ గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను. నువ్వెప్పుడూ వేసేది తెల్లచొక్కానే కనుక ప్రతి తెల్లచొక్కాకీ లేచి నిలబడ్డాను. నువ్వు రాలేదు. రావని తెలిసీ చూశాను. నేను పిలవలేదు కదా.

ఒకటే లోటు. "ఎక్కడిదాకా చదివారు?" అని ఒక చిన్నపిల్ల అడిగింది. నాకు తెలియదు. నీకు తెలిసి ఉంటుంది. రాయి.

మోకాలు బాగానే ఉంది. జనవరిలో వస్తాను. చూడడానికి. పార పని లేదు.

సుబ్బరామయ్య


మండవల్లి,
15 డిసెంబరు 2007.

సుబ్బరామయ్య గారికి వందనాలండి.

ఇమ్మానుయేలూ అని రాశారు. చాలు.

నెహెమ్యా ఆరో అధ్యాయం అండి. పోయే ముందురోజు నాకు చదివి వినిపించింది. యెరూషలేము గోడ కడుతూ ఉంటారు. "ఇంకొంచెం ఉంది, రేపు" అని నోటు పెట్టి మూసింది.

పెర్సిస్‌కి చెప్పాను. మీ ఉత్తరం చూపించాను. ఏడుస్తుంది అనుకున్నాను. ఏడ్చింది. తరవాత "అబ్రాహాము తాతగారిని కూడా వెంట తీసుకుపోయిందా అమ్మ" అని నవ్వింది. పార కర్ర సంగతి కూడా చెప్పాను. ఇప్పుడు నిజంగా కొబ్బరి మొక్క పెట్టమంటోంది.

ఇంకొకటి. ఆదివారం నేను వచ్చానండి.

పదకొండు గంటల బస్సుకి దిగాను. లోపల చాలామంది ఉన్నారు. మీరు లెక్చరరు గారితో మాట్లాడుతున్నారు. మీ వెనక వైపు నుంచి వచ్చి చట్రం ముందు నిలబడ్డాను. చీటీ చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. వెనక ఒకావిడ "కొంచెం జరుగుతారా తాతగారూ, మేమూ చూడాలి" అంది. జరిగాను. మిమ్మల్ని పలకరిద్దామని రెండు అడుగులు వేశాను. మీరు నవ్వుతున్నారు. ఇప్పుడు వద్దులే అనిపించింది. వచ్చేశాను.

నీలం చొక్కా వేసుకున్నాను. అందుకే మీరు లేవలేదు.

ఇంటికి వచ్చి పెర్సిస్ బైబిలు తీశాను. నెహెమ్యా ఆరు. మిగిలిన వచనాలు కూడబలుక్కుని చదివాను. గోడ పూర్తయింది. రోజుకి ఒక పేజీ అవుతోంది. ఆమెలా వేగంగా రాదు. గుర్తుకి ఏలూరు బస్సు టికెట్టు పెట్టాను.

జనవరిలో మీరు వచ్చినప్పుడు పుస్తకం అయిందా అని అడగకండి. అవదండి.

ఇమ్మానుయేలు